సర్టిఫికెట్ సంగతి తర్వాత, ముందు ఎవరి దగ్గర పని?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ప్రభుత్వ సంస్థల్లో ఇంటర్న్‌షిప్‌ల గురించే. హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో విద్యార్థుల దరఖాస్తులు చూసే సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి సంపాదకులు ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చేశారు. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాను. పేర్లు వద్దని చాలామంది అడిగారు, అందుకే ఊళ్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ చేశాం. ఈసారి నిజమైన ల్యాబ్‌లో, ఎనర్జీకి సంబంధించిన పని చేయాలని ఉంది. అవన్నీ ఐఐటీ, ఎన్‌ఐటీ వాళ్లకే ఇస్తారని సీనియర్లు అంటున్నారు. నిజమేనా మేడమ్? నేను రాసుకున్న దరఖాస్తు కూడా జత చేశాను. – పలాస

సగం నిజం. కొన్ని ల్యాబ్‌ల సొంత పథకాల్లో ఎమ్మెస్సీ, బీటెక్ వాళ్లకే చోటు. ఇంకొన్నింట్లో పెద్ద కాలేజీల పిల్లలే ఎక్కువ కనిపిస్తారు. వాళ్ల సీనియర్లు ఆ ల్యాబ్‌లోనే పీహెచ్‌డీ చేస్తుంటారు, ఎప్పుడు ఎవరికి రాయాలో ఫోన్‌లో చెప్పేస్తారు. నీకు ఆ సీనియర్ లేరు. ఆ లోటు ఈ పేజీలో కొంత తీర్చుకుందాం.

నువ్వు ముందు చూడాల్సింది సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ (ఇన్సా), ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ (నాసి) కలిసి నడిపే పథకం అది. ఎంపికైతే రెండు నెలలు దేశంలో ఏదో ఒక సంస్థలో ఒక శాస్త్రవేత్త దగ్గర పని చేస్తావు. ఫెలోషిప్ డబ్బు ఇస్తారు, రైలు ఛార్జీలూ ఇస్తారు. డిగ్రీ విద్యార్థులూ అర్హులే. ఏ ఏడాది వాళ్లు, ఎన్ని మార్కులు అన్నది ఆ ఏటి ప్రకటనలో చూసుకో. ఒక్కటి గుర్తుపెట్టుకో. పని వేసవిలో అయినా, పిలుపు ముందటేడు అక్టోబరు, నవంబరు ప్రాంతంలోనే వస్తుంది. సెమిస్టర్ పరీక్షలు అయ్యాక తీరిగ్గా వెతికేవాళ్లకు అప్పటికే అన్నీ అయిపోయి ఉంటాయి.

దరఖాస్తులో రెండు నెలలు ఏం చేయాలనుకుంటున్నావో రాయమంటారు. చిన్న పేరానే, 250 పదాలు దాటదు. నా లెక్కలో మార్కుల కన్నా అదే ముఖ్యం. నువ్వు పంపిన పేరా చూశాను. ‘చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ప్రాణం, పునరుత్పాదక ఇంధనమే మానవాళి భవిష్యత్తు, మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో అవకాశం ఇస్తే కష్టపడి పని చేస్తాను’ అని ఉంది. అమ్మా, ఇందులో నీ పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా సరిపోతుంది. దాన్ని పక్కన పడేయ్.

మీది పలాస. జీడిపప్పు ఊరు. బట్టీల పక్కన పెంకుల గుట్టలు రోజూ చూస్తూనే ఉంటావు. ఆ పెంకులోని నూనె తగిలితే చెయ్యి బొబ్బలెక్కుతుందని అక్కడ పిక్కలు కొట్టే ఏ అమ్మనడిగినా చెప్తుంది. పచ్చి నూనెలో ఎక్కువగా ఉండేది అనకార్డిక్ ఆమ్లం. వేడి చేస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి అది కార్డనాల్ అవుతుంది. నువ్వు ఆర్గానిక్‌లో చదివే డీకార్బాక్సిలేషన్ ఇదే. పెంకులు పొయ్యిలో వేస్తే మంట బాగా వస్తుంది, పొగ కూడా అంతే ఘాటుగా వస్తుంది. మరి నూనె తీసేశాక పెంకును కాలిస్తే పొగ ఎంత తగ్గుతుంది? కిలో పెంకు నుంచి వచ్చే వేడి ఎంత తగ్గుతుంది? ఇలాంటి ఒక్క ప్రశ్న రాయి. దాన్ని తేల్చడానికి ఏమేం కొలవాలో రెండు వాక్యాలు రాయి. నీకు ఏ పరికరం వాడటం వచ్చో, ఏది రాదో ఒక వాక్యం. అంతే, పేరా అయిపోయింది. రాదని రాస్తే తీసేస్తారన్న భయం అక్కర్లేదు. డిగ్రీ పిల్లలకు ఇంధనంలో వేడి ఎంతో కొలిచే బాంబ్ క్యాలరీమీటర్ అలవాటు ఉంటుందని ఏ శాస్త్రవేత్తా అనుకోడు.

గైడ్‌ని వెతకడం కూడా ఇలాగే, వస్తువు దగ్గర మొదలుపెట్టి మనిషి దగ్గరికి వెళ్లాలి. ఉదాహరణకు హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల దాకా చెత్తను బయోగ్యాస్‌గా మార్చి దాదాపు 500 యూనిట్ల కరెంటు తీసే ప్లాంటు ఉంది. దాని టెక్నాలజీ తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)ది. అది చదివాక ఆ పని ఏ విభాగంలో జరిగింది, ఆ బృందం ఇంకేం ప్రచురించింది అని చూస్తే నీకు నాలుగు పేర్లు దొరుకుతాయి. వాళ్ల వ్యాసం మొత్తం అర్థం కాకపోయినా సారాంశం, చివరి పేరా చదువు. ఒక సందేహం రాకపోదు. ఆ సందేహమే మెయిల్‌లో మొదటి వాక్యం.

ఇంకో మాట, సిఫారసు లేఖ గురించి. మన లెక్చరర్లు ఆశీర్వదిస్తున్నట్టు రాస్తారు. ‘ఈ అమ్మాయి క్రమశిక్షణ గలది, వినయశీలి, రోజూ కాలేజీకి వస్తుంది’ అని. పెళ్లి సంబంధానికైతే పనికొస్తుంది. మీ సార్‌ని కలిసి, ప్రాక్టికల్స్‌లో నువ్వు చేసిన ఒక పని గుర్తుచేయి. టైట్రేషన్ రీడింగులు కలవకపోతే ద్రావణం మళ్లీ తయారుచేసి మొదటి నుంచి చేశావనుకో, అది రాయమని అడుగు. ఆయన ఏమీ అనుకోరు. ఏం రాయాలో తెలియకే ఆ పాత మాటలు రాస్తుంటారు.

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ ట్రిపుల్ ఈ చివరి ఏడాది. హైదరాబాద్‌లో ఒకాయన 15,000 కడితే కేంద్ర ప్రభుత్వ ఎనర్జీ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ గ్యారంటీ అంటున్నాడు. రోజూ వెళ్లక్కర్లేదట, సర్టిఫికెట్ ఇంటికే వస్తుందట. ఫోన్‌లో శాంపిల్ కూడా పంపాడు. కట్టమంటారా? – కొత్తగూడెం

కట్టకండి.

వెళ్లక్కర్లేకుండా వచ్చేదాన్ని సర్టిఫికెట్ అనరు. రేపు ఇంటర్వ్యూలో ‘అక్కడ మీ గైడ్ ఎవరు? ఏ పరికరం మీద చేశారు?’ అని అడిగితే మీ అబ్బాయి నీళ్లు నమలాలి. ప్రభుత్వ సంస్థ ముద్రతో దొంగ కాగితం చూపిస్తే ఉద్యోగం పోవడంతో ఆగదు, కేసు కూడా అవుతుంది. అది తయారుచేసినవాడి మీదే కాదు, చూపించినవాడి మీద కూడా.

అలాగని డబ్బు అడిగిన ప్రతి చోటా మోసమే అనుకోకండి. కొన్ని విద్యుత్ కేంద్రాలు, ప్రభుత్వ రంగ సంస్థలు ప్రాజెక్టు ట్రైనింగ్‌కు ఫీజు తీసుకుంటాయి. అది సంస్థ పేరు మీద డీడీగానో, సంస్థ ఖాతాలోకో వెళ్తుంది, రసీదు ఇస్తారు, ఫీజు ఎంతో వాళ్ల సర్క్యులర్‌లో ఉంటుంది. ఒక మనిషి ఫోన్ నంబరుకు పంపమంటే అక్కడే ఆగిపోవాలి. మెయిల్ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడండి. జీఓవీ డాట్ ఇన్, ఎన్‌ఐసీ డాట్ ఇన్, ఆర్‌ఈఎస్ డాట్ ఇన్ లాంటి చిరునామాలు కాకుండా మామూలు జీమెయిల్ నుంచి ‘డైరెక్టర్ గారి ఆఫీసు’ రాసిందంటే అనుమానించాల్సిందే. చివరికి ఒక ఫోన్ చాలు. సంస్థ వెబ్‌సైట్‌లో ఉన్న ల్యాండ్‌లైన్‌కు చేసి ట్రైనింగ్ సెక్షన్ అడగండి. ఒక్కోసారి ఎత్తరు, నిజమే. మధ్యాహ్నం భోజనాల వేళ తప్పించి చేస్తే ఎత్తుతారు.

మీరుండేది కొత్తగూడెంలో. పక్కనే పాల్వంచ థర్మల్ కేంద్రం, ఊళ్లోనే సింగరేణి. ట్రిపుల్ ఈ కుర్రాడికి ఇంతకన్నా దగ్గర్లో నేర్చుకునే చోటు ఏముంటుంది? కాలేజీ ప్రిన్సిపాల్ లేఖతో అక్కడ అడిగించండి.

ప్రశ్న: 2024లో బీటెక్ మెకానికల్ పూర్తయింది. ఒక ప్రభుత్వ రంగ ఇంధన సంస్థలో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా ఎంపికయ్యాను. మా నాన్న ‘అప్రెంటిస్ అంటే ఐటీఐ వాళ్లు చేసేది, ఏడాది వేస్ట్’ అంటున్నారు. పర్మనెంట్ చేస్తారా అంటే ఎవరూ చెప్పడం లేదు. ఏం చేయాలో తెలీక టెన్షన్‌గా ఉంది. – గాజువాక

వెళ్లు. మీ నాన్నగారికి ఈ పేజీ చూపించు.

అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. మొదట్లో అది ట్రేడ్ అప్రెంటిస్‌ల కోసమే, అందుకే మీ నాన్నగారి తరానికి ఆ మాట వినగానే ఐటీఐ గుర్తొస్తుంది. 1973లో సవరించి ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా వాళ్లను చేర్చారు. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్ నాట్స్ ద్వారా జరిగేది అదే. కాలం ఒక ఏడాది. 2019 నిబంధనల్లో గ్రాడ్యుయేట్‌కు కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలుగా పెట్టారు, ఇప్పుడు ఎంతో పోర్టల్‌లో చూసుకో. కొన్ని సంస్థలు అంతకన్నా ఎక్కువ ఇస్తాయి. కనీస మొత్తంలో సగం కేంద్రం భరిస్తుంది. గాజువాకలో ఇంట్లో ఉండి చేస్తే సరిపోతుంది. బయటి ఊళ్లో గది అద్దె కట్టుకుని అయితే ఇంటి నుంచి ఎంతో కొంత పంపాల్సిందే, అబద్ధం ఎందుకు.

పర్మనెంట్ సంగతి సూటిగా చెప్తాను. ఉద్యోగం ఇవ్వాలన్న బాధ్యత సంస్థకు లేదు. వాళ్లు చెప్పకపోవడానికి కారణం అదే, చెప్పడానికేమీ లేదు. ఏడాది చివర భారత ప్రభుత్వం తరఫున ప్రావీణ్య సర్టిఫికెట్ వస్తుంది. ఇంకా రెండు షరతులు తెలుసుకో. ఈ అప్రెంటిస్‌షిప్ ఒక్కసారే చేయగలవు. అప్పటికే ఏడాది, ఆపైన ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్లకు ఇవ్వరు. అంటే ఇప్పుడు వదిలేసి ఏదో చిన్న కంపెనీలో ఏడాది చేసి మళ్లీ వస్తానంటే తలుపు మూసే ఉంటుంది.

ఇక వేస్టా కాదా అన్నది నీ చేతిలో ఉంది. చాలాచోట్ల అప్రెంటిస్‌ను ఏదో ఒక సెక్షన్‌లో కూర్చోబెట్టి ఎక్సెల్ షీట్లు నింపిస్తారు. మర్యాదగా అడిగి బయటపడాలి. నీది థర్మల్ కేంద్రమైతే, అక్కడ యూనిట్‌ను ఏడాదికోసారో, రెండేళ్లకోసారో ఆపి ఓవర్‌హాలింగ్ చేస్తారు. నీ ఏడాదిలో అది ఎప్పుడు పడుతుందో చేరిన మొదటి వారంలోనే కనుక్కో. టర్బైన్ కేసింగ్ పైభాగం క్రేన్‌తో ఎత్తినప్పుడు, లోపల వరసలు వరసలుగా ఉన్న బ్లేడ్లు బయటపడతాయి. చివరి వరస బ్లేడ్ల అంచులు తడి ఆవిరి తగిలి ఎలా అరిగిపోయాయో అప్పుడే కళ్లతో చూడగలవు. పుస్తకంలో ‘ఎరోజన్’ అని ఒక్క మాటలో పోతుంది. అక్కడ వేలితో తడిమితే రంపం పళ్లలా తగులుతుంది. ఆ రోజుల్లో మెయింటెనెన్స్ వాళ్లకు ఊపిరాడదు, కొలతలు రాసుకునే మనిషి దొరికితే వాళ్లే పిలుస్తారు. నైట్ షిఫ్ట్ అడిగితే వద్దనకు. కంట్రోల్ రూమ్ ఇంజనీరు నోరు విప్పేది తెల్లవారుజామునే.

పక్కన గేట్ పరీక్షకు చదువుకోవాలని ఉంటే, చదువుకో. రెండూ కలిపి చేసినవాళ్లను చాలామందిని చూశాను. ఇంటర్వ్యూ దాకా వెళ్తే, అక్కడ తేడా తెచ్చేది మాత్రం ఆ అరిగిన బ్లేడే.

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తున్నాను. కల్పాక్కంలోని అణు పరిశోధన కేంద్రం ఐజీకార్‌లో ప్రాజెక్టు కోసం ప్రయత్నిస్తున్నాను. అణు సంస్థల్లో విద్యార్థులను లోపలికి రానిస్తారా? ఫోన్ కూడా ఉండనివ్వరట. స్టైపెండ్ ఉంటుందా? – నెల్లూరు

రానిస్తారు. కానీ గేటు దాటడానికే ఒక ప్రయాణం ఉంది. అణుశక్తి, రక్షణ సంస్థలు పోలీస్ వెరిఫికేషన్ అడుగుతాయి. అది సాధారణంగా నీ సొంత ఊరి స్టేషన్ నుంచి రావాలి, హాస్టల్ ఉన్న ఊరి నుంచి కాదు. వారంలో వస్తుందనుకుని టికెట్లు బుక్ చేసుకోకు. ఆధార్‌లో ఒక ఇంటిపేరు, మార్కుల లిస్టులో ఇంకో స్పెల్లింగ్ ఉంటే ముందే సరిచేయించుకో. మా సెక్షన్‌లో ఎక్కువ ఫైళ్లు ఆగేది ఆ ఒక్క అక్షరం దగ్గరే.

ఫోన్, పెన్‌డ్రైవ్ గేటు దగ్గరే ఆగిపోతాయి. మొదటి రెండు రోజులు చెయ్యి ఖాళీగా అనిపిస్తుంది. తర్వాత పని బాగా సాగుతుంది, అది వేరే విషయం. నీ ప్రాజెక్టు రిపోర్టును సంస్థ చూసి సరేనన్నాకే కాలేజీకి ఇవ్వాలి. కాబట్టి యూనివర్సిటీ గడువుకు మూడు వారాల ముందే రిపోర్టు గైడ్ చేతిలో పెట్టు. గడువు రేపనగా పరిగెత్తుకొచ్చే పిల్లలకు సాయం చేయాలని అందరికీ ఉంటుంది, చేసే వీలు మాత్రం ఉండదు.

డబ్బు గురించి. ఇలాంటి సంస్థల్లో ‘ప్రాజెక్టు ట్రైనీ’ అన్న పేరుతో వెళ్తే సాధారణంగా స్టైపెండ్ ఉండదు, ఉండటం, తినడం నీ ఖర్చే. వేసవి శిక్షణ, ఫెలోషిప్ అన్న పేరుతో ప్రకటన వస్తే అప్పుడు ఉంటుంది. ఇస్రో కేంద్రాల్లోనూ అంతే, ప్రాజెక్టు ట్రైనీలకు జీతం లాంటిదేమీ ఇవ్వరు. పేరులో ఏ మాట ఉందో చూసుకుని జేబు లెక్క వేసుకో.

వెళ్లే ముందు, కరెంటు తీస్తూనే కొత్త అణు ఇంధనాన్ని కూడా తయారుచేసే ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ల గురించి కొంచెం చదువుకో. కల్పాక్కంలో ఎఫ్‌బీటీఆర్ అనే ప్రయోగ రియాక్టర్ 1985లో క్రిటికాలిటీకి చేరింది (అంటే చైన్ రియాక్షన్ తనంతట తానే సాగే దశకు వచ్చింది), యురేనియం, ప్లుటోనియం కలిపిన కార్బైడ్ ఇంధనంతో. వేడిని మోసేది నీళ్లు కాదు, ద్రవ సోడియం. అది 98 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మరగాలంటే 880 దాటాలి. అందుకని నీళ్లలా దాన్ని ఎక్కువ పీడనంలో పెట్టక్కర్లేదు. కాకపోతే గాలి తగిలితే అంటుకుంటుంది, నీళ్లు తగిలితే పేలుతుంది. లీక్ అయిందని వెంటనే ఎలా తెలుస్తుంది? ఆ ఒక్క ప్రశ్న పట్టుకున్నా ఫిజిక్స్ విద్యార్థికి సెన్సర్ల మీద ఒక సెమిస్టర్ పని దొరుకుతుంది.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా పాప ఇక్కడే పుట్టింది, ఇంజనీరింగ్ రెండో ఏడాది. మా అక్క కొడుకు గుంటూరు నుంచి వచ్చి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఎంఎస్ చేస్తున్నాడు. ఇద్దరూ అమెరికా ఎనర్జీ డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లలో ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించవచ్చా? – ఒక తల్లి

మీ పాపకు ఆ డిపార్ట్‌మెంట్ నడిపే సులి అనే పథకం సరిగ్గా సరిపోతుంది. డిగ్రీ చదువుతున్నవాళ్లకూ, కొత్తగా పూర్తయినవాళ్లకూ ఇస్తారు. వేసవిలో అయితే 10 వారాలు, మిగతా రెండు విడతల్లో 16 వారాలు. స్టైపెండ్ వారం లెక్కన ఇస్తారు. 18 ఏళ్లు నిండాలి, జీపీఏ 3.0 ఉండాలి, సిఫారసు లేఖలు కావాలి. వేసవి విడతకు గడువు సాధారణంగా జనవరిలో ముగుస్తుంది. చికాగో దగ్గర ఆర్గాన్, టెనెసీలో ఓక్ రిడ్జ్, లాంగ్ ఐలండ్‌లో బ్రూక్‌హేవెన్ లాంటి చోట్లకు పంపుతారు. కమ్యూనిటీ కాలేజీలో చదివే పిల్లలకు ఇలాంటిదే సీసీఐ అని వేరే ఉంది.

మీ అక్కగారి అబ్బాయికి ఆ రెండూ కుదరవు. అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే అవి. దీని గురించి ఇంట్లో ఇద్దరినీ పోల్చి ఆ అబ్బాయిని చిన్నబుచ్చకండి, తెలివితేటలకూ దానికీ సంబంధం లేదు. అతనికి వేరే దారి చూడాలి. అతని ప్రొఫెసర్‌కు ఏదైనా జాతీయ ల్యాబ్‌తో ఉమ్మడి ప్రాజెక్టు ఉందేమో అడగమనండి. కొన్ని ల్యాబ్‌లు సొంతంగా తీసుకునే ఇంటర్న్‌లలో విదేశీ విద్యార్థులూ ఉంటారు, అనుమతుల ప్రక్రియ మాత్రం ఎక్కువ కాలం పడుతుంది. ప్రకటనలో ముందు పౌరసత్వం లైను చదివి, తర్వాత మిగతాది చదవాలి. పనిలో చేరే ముందు సీపీటీ, అంటే చదువులో భాగంగా పనిచేయడానికి ఎఫ్-1 వాళ్లకు ఇచ్చే అనుమతి విషయం యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. స్నేహితులు చెప్పారని ఊరుకోవద్దు.

ప్రశ్న: నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. శాస్త్రవేత్తలకు మెయిల్ ఏఐతో రాయించుకుని పంపవచ్చా? ఇప్పటికి చాలామందికి పంపాను, ఒక్కరూ జవాబివ్వలేదు. – సిద్దిపేట

ఇంకా సర్వీసులో ఉన్న నా పాత సహోద్యోగులను ఇదే అడిగాను. ఒకావిడ తన ఇన్‌బాక్స్ తెరిచి చూపించింది. ఒకే వారంలో వచ్చిన మెయిళ్లు, వేర్వేరు జిల్లాల పిల్లలవి, మొదటి రెండు వాక్యాలు దాదాపు ఒకటే. ఆవిడ పరిశోధన ‘ఎంతో స్ఫూర్తిదాయకం’ అని అందరూ రాశారు. ఏ పరిశోధన అన్నది ఒక్కరూ రాయలేదు. ఆవిడ అన్నీ కలిపి డిలీట్ చేసింది.

స్పెల్లింగ్ దిద్దించుకోవడానికి వాడుకో, తప్పులేదు. విషయం మాత్రం నువ్వే రాయి, ముందు తెలుగులో రాసుకున్నా సరే. మీ ఫలానా వ్యాసంలో ఫలానా చోట ఈ సందేహం వచ్చింది. నేను ఫలానా కాలేజీలో ఫలానా ఏడాది. మే 10 నుంచి జులై 5 దాకా రాగలను. హైదరాబాద్‌లో ఉండటానికి మా పిన్ని ఇల్లు ఉంది, లేదా హాస్టల్ కావాలి. మార్కుల లిస్టు జత చేశాను. ఐదు వాక్యాలు, తప్పు ఇంగ్లిష్‌లో ఉన్నా అర్థమవుతాయి. ఒకే మెయిల్‌ను ముప్ఫై మందికి ఒకేసారి పంపకు. పైన అందరి చిరునామాలూ కనిపిస్తాయి, పక్క గదిలో కూర్చునేవాళ్లు టీ దగ్గర దాని గురించే నవ్వుకుంటారు. పది రోజులు చూసి, జవాబు రాకపోతే అదే మెయిల్ కింద ఒక్క లైను గుర్తుచేస్తూ రాయి. సోమవారం ఉదయం వద్దు, మీటింగులుంటాయి. మంగళవారం పంపు.